రెండు స్టాప్‌లు తగిలాక చేయి ఆగడం లేదంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరు అరండల్‌పేటలో మందుల షాపు. ట్రేడింగ్‌కు పక్కన పెట్టుకున్న డబ్బు 2 లక్షలు. నిఫ్టీ ఆప్షన్లు (సూచీ పెరుగుతుందనుకుంటే కాల్, తగ్గుతుందనుకుంటే పుట్) కొంటారు. ఉదయం ఒక లాట్‌తో (కొనగలిగే కనీస పరిమాణంతో) పద్ధతిగానే మొదలవుతుంది. రెండు స్టాప్‌లు (నష్టం ఇంతకు మించకుండా ముందే పెట్టుకున్న అమ్మకపు ధరలు) తగిలితే మాత్రం 11 గంటలకల్లా 3, 4 లాట్లు పడిపోతున్నాయి. పోయిన నెలలో ఒక్క మంగళవారమే 38,000 పోయింది. ధ్యానం చేస్తే ఈ ఉక్రోషం తగ్గుతుందా అన్నది మొదటి ప్రశ్న. 40 శాతం కింద ఉన్న షేరు అమ్మబుద్ధి కావడం లేదు, ఏం చేయాలన్నది రెండోది.

సూటిగా చెబుతాను. ధ్యానం మంచిదే, చేయండి. ఈ జబ్బుకు మాత్రం అది మందు కాదు. రెండో నష్టం వచ్చాక నిర్ణయం తీసుకునే వీలే మీ చేతిలో లేకుండా చేయాలి. ఎన్ని లాట్లు, ఎంత నష్టానికి ఆపడం, ఆపాక ఏం చేయడం అన్నవన్నీ ముందురోజు రాత్రి భోజనం అయ్యాక, మార్కెట్ మూసి ఉన్నప్పుడు రాసి పెట్టుకోవాలి. దానికి తాళం బ్రోకర్ యాప్‌లో వేయాలి. ఉక్రోషంలో ఉన్నప్పుడు నిగ్రహించుకుంటానులే అనే నమ్మకం మీద వేసిన ప్లాన్ ఏదీ నిలబడదు. అది మీ ఒక్కరి బలహీనత కాదు, మనిషి మెదడు పనిచేసే తీరే అంత.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి. మీది నిజంగా మనసు సమస్యేనా?

2024 సెప్టెంబర్‌లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల పైమాటే. ఏటా నష్టం వస్తున్నా 75 శాతానికి పైగా మంది ట్రేడింగ్ మానలేదని కూడా అందులోనే ఉంది. వీళ్లందరికీ క్రమశిక్షణ లేకనే పోయిందనుకోవడం పొరపాటు. చాలామంది దగ్గర అసలు లాభం తెచ్చే పద్ధతే లేదు. పద్ధతిలోనే లాభం లేనప్పుడు ఎంత నిష్ఠగా పాటించినా మిగిలేది క్రమశిక్షణతో కూడిన నష్టమే.

దీన్ని తేల్చడానికి ఒక ఆదివారం పూట చాలు. బ్రోకర్ సైటులో గత మూడు నెలల ట్రేడ్‌బుక్ (మీ ట్రేడ్ల జాబితా) దించుకోండి. ప్రతి ట్రేడ్ పక్కన ఒక అక్షరం వేయండి. ముందే అనుకున్న కారణంతో, అనుకున్న లాట్‌తో, స్టాప్ పెట్టి చేసినదైతే 'ని', నియమం. మిగతావన్నీ 'త', తప్పు. అనుమానం వస్తే 'త' అనే వేయండి. ఇప్పుడు రెండు గుంపులనూ ఛార్జీలు తీసేసి విడివిడిగా కూడండి.

'ని' గుంపు లాభంలో ఉండి, దాన్ని 'త' గుంపు మింగేస్తుంటే మీది నిజంగానే మనసు సమస్య. కింద రాసినదంతా మీకు పనికొస్తుంది. 'ని' గుంపు కూడా నష్టంలోనే ఉంటే డబ్బుతో ట్రేడింగ్ ఈరోజే ఆపి, పద్ధతిని కాగితం మీద పరీక్షించుకోండి. 'ని' ట్రేడ్లు 100కు తక్కువ ఉంటే ఏ సంగతీ తేల్చలేం. 30 ట్రేడ్లలో లాభం అదృష్టం కావచ్చు, నష్టం దురదృష్టమూ కావచ్చు.

ఛార్జీలు ఎందుకు తీసేయమన్నానో లెక్కలో చూడండి. ఆర్డర్‌కు 20 రూపాయలు తీసుకునే బ్రోకర్ దగ్గర కొనడం, అమ్మడం కలిపి 40, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 47 రూపాయల 20 పైసలు. రోజుకు 15 సార్లు కొని అమ్మితే 708. నెలలో 20 మార్కెట్ రోజులకు 14,160. మీ 2 లక్షల మీద ఇదే 7 శాతం. ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), ఎక్స్ఛేంజ్ ఛార్జీలు ఇంకా కలపనే లేదు. ఉక్రోషంతో చేసే ట్రేడ్ల వల్ల వచ్చే నష్టంలో ఒక భాగం ఇలా చడీచప్పుడు లేకుండా పోతుంటుంది. అమెరికాలో బార్బర్, ఓడీన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1991 నుంచి 1996 దాకా 66,465 కుటుంబాల ఖాతాలు తిరగేసి 2000లో చెప్పిందీ ఇదే. అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం వస్తే, అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం.

రెండో నష్టం తర్వాత ఏం జరుగుతుంది

కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో చూపించిన విషయం ఒకటుంది. మనిషి డబ్బును మొత్తంగా చూడడు, తాను 'సున్నా' అనుకున్న చోటు నుంచి కొలుచుకుంటాడు. ఆ సున్నాకు పైన ఉన్నప్పుడు జాగ్రత్తపడతాడు. కిందికి జారాడా, ఎంత ప్రమాదానికైనా తెగిస్తాడు. థేలర్, జాన్సన్ అనే పరిశోధకులు 1990లో దీనికి ఇంకో ముక్క కలిపారు. నష్టంలో ఉన్నవాణ్ణి అన్నిటికంటే ఎక్కువగా లాగేది, ఒక్క దెబ్బతో అసలుకు చేర్చే అవకాశమే. పేకాటలో 'పోయింది రాబట్టుకుని లేచిపోదాం' అనేవాడు చివరి ఆటకు పందెం పెంచడం మనకు తెలియనిది కాదు.

మీ సున్నా ఆ రోజు ఉదయం 9:15కు ఖాతాలో ఉన్న అంకె. రెండు స్టాప్‌లకు 3,000 తగ్గింది. ఆ క్షణం నుంచి మీరు నిఫ్టీ వైపు చూడటం లేదు, ఆ 3,000 వైపే చూస్తున్నారు. లాట్‌కు 75 యూనిట్ల లెక్కన, ఒక లాట్‌తో అది తిరిగి రావాలంటే ఆప్షన్ ధర 40 పాయింట్లు పెరగాలి, 4 లాట్లతో 10 పాయింట్లు చాలు. అందుకే ఆ క్షణంలో 4 లాట్లు వేయడం పిచ్చితనంలా అనిపించదు, తెలివైన పనిలాగే అనిపిస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తప్పు చేస్తున్నానన్న భావన తప్పు చేసేటప్పుడు రాదు. ఆ భావన వస్తే ఆగుతానని కూర్చుంటే అది మార్కెట్ మూసే 3:30 తర్వాతే వస్తుంది.

లాట్లు రెట్టింపు చేస్తూ పోతే లెక్క ఇలా ఉంటుంది. ఇక్కడా లాట్‌కు 75 యూనిట్లే అనుకుంటున్నాను. ఎక్స్ఛేంజ్ ఈ అంకెను మారుస్తూ ఉంటుంది, మీ కాంట్రాక్టులో ఎంతుంటే అంత పెట్టి చూసుకోండి. 20 పాయింట్ల స్టాప్ అంటే లాట్‌కు 1,500. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది లాట్లు వేసి నాలుగూ తప్పితే 1,500, 3,000, 6,000, 12,000. మొత్తం 22,500. ఇంతా చేసేది మొదట పోయిన 1,500 కోసం.

'వరుసగా నాలుగు తప్పుతాయా' అనిపిస్తుంది. తప్పుతాయి. మీ పద్ధతి నూటికి 45 సార్లు గెలుస్తుందనుకుందాం. గెలిచినప్పుడు 1,500కు 2,250 వస్తే అది మంచి పద్ధతే, సగటున ట్రేడ్‌కు 187 రూపాయలు మిగులుతుంది, ఛార్జీలు తీయకముందు. ఇంత మంచి పద్ధతిలో కూడా 100 ట్రేడ్లలో వరుసగా 5 నష్టాలు కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం పదింట తొమ్మిది పాళ్లు. అంటే వరుస నష్టాలు పద్ధతి చెడిపోయిందనడానికి గుర్తు కాదు, పద్ధతిలోనే ఉన్న మామూలు సంగతి. దీన్ని ముందే లెక్కగట్టుకుని కూర్చున్నవాడికి మూడో నష్టం అవమానంలా తోచదు.

లాట్ పెద్దదైతే మనసు చిన్నదవుతుంది

ఖాతాలు చూస్తుంటే ఎక్కువసార్లు కనపడేది ఇదే. భయం, ఆత్రం, తొందరగా అమ్మేయడం అని పేర్లు పెట్టుకునేవాటిలో సగం నిజానికి సైజు సమస్యలు. 2 లక్షల ఖాతాలో 4 లాట్లు ఉంటే ప్రతి పాయింటుకూ 300 రూపాయలు కదులుతుంది. 20 పాయింట్లకు 6,000. అది షాపులో ఎన్ని రోజుల మిగులో మీకే తెలుసు. అలాంటి అంకె కళ్లముందు ఎగిరి పడుతుంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. లాట్లు తగ్గిస్తే ఆ భయంలో చాలాభాగం మందులేవీ లేకుండానే పోతుంది.

మీ 2 లక్షలకు ఈ హద్దులు పెట్టుకోండి:

ట్రేడ్‌కు ఒకే లాట్, 1,500 నష్టం. మూలధనంలో 0.75 శాతం.
రోజుకు రెండు పూర్తి స్టాప్‌లు, 3,000. అక్కడితో ఆ రోజు ముగిసింది.
వారానికి 6,000. బుధవారానికే ఆ అంకె వస్తే గురు, శుక్రవారాలు సెలవు.
నెలకు 12,000, అంటే 6 శాతం. అది దాటితే మిగతా నెలంతా కాగితం మీదే.
గెలిచినా ఓడినా రోజుకు 3 ట్రేడ్లకు మించొద్దు.

చివరిది చాలామందికి నచ్చదు. లాభం వచ్చిన రోజున ఎందుకు ఆగాలంటారు. ఉదయం వచ్చిన 4,000 'మార్కెట్ డబ్బు' అనిపించి మధ్యాహ్నం చేయి ధారాళమైపోతుంది. గెలుపు తర్వాత వచ్చే తప్పులు నష్టం తర్వాత వచ్చే తప్పుల కంటే చిన్నవిగా, తరచుగా ఉంటాయి. అందుకే ట్రేడ్‌బుక్‌లో వెతికితే తప్ప పట్టుబడవు.

మీ మంగళవారం 38,000 లెక్కా చూడండి. మిగిలింది 1,62,000. తిరిగి 2 లక్షలు కావాలంటే దాని మీద 23 శాతం పైన సంపాదించాలి. నెలకు 6 శాతం దగ్గర తాళం పడి ఉంటే పోయేది 12,000, తిరిగి కావలసింది 6.4 శాతం. లోతు పెరిగేకొద్దీ పైకి ఎక్కాల్సిన నిచ్చెన ఇంకా వేగంగా పెరుగుతుంది. సగం పోతే రెట్టింపు చేయాలి.

ఒకవేళ మీ డబ్బు 50,000 మాత్రమే అయి ఉంటే ఒక్క స్టాప్‌కే 3 శాతం పోతుంది. అలాంటప్పుడు ఇచ్చే సలహా వేరు. ఆ ఖాతాకు ఆ కాంట్రాక్టు సరిపోదు, ఎంత మనోనిబ్బరం ఉన్నా సరిపోదు.

చీటీ లేని ట్రేడ్ వద్దు

మీరు మందుల షాపు నడుపుతున్నారు కాబట్టి ఇది మీకు ఇట్టే అర్థమవుతుంది. షెడ్యూల్ హెచ్ మందును డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ఎంత బతిమాలినా, 'నాకు తెలుసులేండి' అన్నా చీటీ చూడాల్సిందే. ట్రేడ్‌కు కూడా అదే పెట్టుకోండి. చీటీ రాసేది రాత్రి మీరు. కౌంటర్ ముందు నిలబడి బతిమాలేది 11 గంటల మీరు.

చీటీలో ఉండాల్సినవి: ఏ స్థాయి దాటితే కొంటాను, ఎన్ని లాట్లు, స్టాప్ ఎక్కడ, ఎన్ని గంటల లోపు. ఆ స్థాయి రాకపోతే ఆ రోజు ట్రేడ్ లేదు, అది కూడా రాయాలి. దాని కింద 'ఇలా అయితే ఇలా చేస్తాను' అన్న వాక్యాలు రెండు, మూడు. ఈ పద్ధతి మీద గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా పనిచేశాడు. 'ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను' అనే సంకల్పం కంటే, ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకున్న వాక్యం ఎక్కువగా అమలవుతుంది.

రాసే తీరులోనే ఉంది కిటుకు. 'రెండో స్టాప్ తగిలితే ట్రేడ్ చేయను' అని రాస్తే పనిచేయదు, ఎందుకంటే చేయకపోవడం ఒక పని కాదు. చేతులు ఖాళీగానే ఉంటాయి. ఇలా రాయండి: 'రెండో స్టాప్ తగిలితే కిల్ స్విచ్ నొక్కి, ఫోన్‌ను గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసి, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో స్టాక్, ఎక్స్‌పైరీ తేదీలు లెక్క చూస్తాను.' మూడు పనులూ చేతితో చేసేవే. మూడోది మీ షాపుకు ఎలాగూ కావలసిందే.

కిల్ స్విచ్ సంగతి. పెద్ద డిస్కౌంట్ బ్రోకర్ల యాప్‌లలో ఈ సౌకర్యం ఉంది. ఎఫ్ అండ్ ఓ సెగ్మెంటును మీరే ఆపేస్తే కొన్ని గంటలపాటు తిరిగి తెరుచుకోదు. మీ యాప్‌లో ఎన్ని గంటలో సెట్టింగ్స్‌లో చూసి, ఒక శనివారం నొక్కి అలవాటు చేసుకోండి. కంగారులో ఉన్నప్పుడు మెనూ వెతుక్కునే పని ఉండకూడదు. తాళం వేశాక దొడ్డిదారులు కూడా మూయాలి. రెండో బ్రోకర్ దగ్గర ఖాతా ఉంటే మూసేయండి. యూపీఐతో రెండు నిమిషాల్లో డబ్బు వేసే దారిని ఇరుకు చేయండి. ట్రేడింగ్ ఖాతాకు జోడించిన బ్యాంకు ఖాతాలో 5,000 మించి ఉంచకుండా మిగతాది వేరే బ్యాంకులో, ఫోన్‌లో యూపీఐ లేని ఖాతాలో పెట్టుకోండి. వారంలో లాభం వస్తే శుక్రవారం సాయంత్రమే బయటకు తీయండి.

స్టాప్ మనసులో కాదు, ఎక్స్ఛేంజ్‌లో ఉండాలి

ఎన్‌ఎస్‌ఈలో 2021 సెప్టెంబర్ నుంచి ఆప్షన్లకు ఎస్‌ఎల్-మార్కెట్ (దొరికిన ధరకు అమ్మేసే స్టాప్) ఆర్డర్ లేదు, ఎస్‌ఎల్-లిమిట్ (లిమిట్ ధర కంటే తక్కువకు అమ్మని స్టాప్) ఒక్కటే. ఇక్కడ జరిగే చిన్న పొరపాటు పెద్ద ఉక్రోషానికి మూలమవుతుంది. 140కి కొని ట్రిగ్గర్ (ఆర్డర్ తెరుచుకునే ధర) 120, లిమిట్ 119.50 పెడతారు. ధర 121 నుంచి ఒక్క దూకులో 117కు పడుతుంది. ఆర్డర్ తెరుచుకుంటుంది కానీ 119.50కి కొనేవాడు ఉండడు. అలా నిలిచిపోయిన ఆర్డర్‌ను చూస్తూ 'పైకి వస్తుందిలే' అని కూర్చుంటే 95 కనపడుతుంది. అక్కడి నుంచి ఆ రోజంతా కోపమే. ట్రిగ్గర్‌కు, లిమిట్‌కు మధ్య 4, 5 పాయింట్ల ఖాళీ వదలండి: ట్రిగ్గర్ 120, లిమిట్ 115. సాధారణంగా 119 దగ్గరే అమ్ముడవుతుంది. లిమిట్ దాకా జారినా పోయేది ఇంకో 375 రూపాయలు, దాన్ని ముందే ఖర్చులో రాసుకోండి.

ఎంట్రీ వేసిన అర నిమిషంలో స్టాప్ పడాలి. ఆ తర్వాత దాన్ని లాభం వైపు జరపవచ్చు, నష్టం వైపు మాత్రం ఒక్క పాయింటు కూడా జరపకూడదు.

మంగళవారం గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ, అంటే ఆ వారం ఆప్షన్ల గడువు తీరే రోజు, మంగళవారమే. మీ పెద్ద నష్టం ఆ రోజే రావడం కాకతాళీయం కాకపోవచ్చు. మధ్యాహ్నం 1:30 దాటాక 3, 4 రూపాయలకు దొరికే ఆప్షన్ల 'జీరో టు హీరో' ఆశ, ఉదయం నష్టంలో ఉన్నవాడికి అచ్చంగా అసలుకు చేర్చే ఆ ఒక్క దెబ్బలాగే కనపడుతుంది. ప్రీమియం (ఆప్షన్ ధర) నిమిష నిమిషానికి కరిగిపోయే రోజది. మూడు నెలలపాటు మంగళవారం ట్రేడ్ చేయకండి. 'త' గుంపు ఎంత తగ్గిందో ఆ తర్వాత చూడండి.

స్టాప్ తగిలిన తర్వాత పదిహేను నిమిషాలు

మొదటి స్టాప్‌కు ఇది. లేచి నిలబడండి. కుర్చీలో కూర్చునే తగ్గించుకుందామనుకోకండి, చార్టు ముందున్నంతసేపు తగ్గదు. ముక్కుతో 4 సెకన్లు గాలి పీల్చి, 6 సెకన్లు వదలాలి. నిమిషానికి 6 శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చేస్తే గుండె దడ తగ్గుతుంది. వదిలేది పీల్చిన దానికంటే ఎక్కువసేపు ఉండటమే ముఖ్యం. మీరు అడిగిన ధ్యానానికి చోటు ఇక్కడ. లాట్లు పెంచడాన్ని అది ఆపలేదు. తాళం వేసే పనికి కావలసినంత ప్రశాంతత మాత్రం ఇస్తుంది.

మిగతా పది నిమిషాల్లో చిట్టా రాయండి. పేజీ ఎలా ఉంటుందో ఒక నమూనా:

9:48. 24,600 కాల్, 1 లాట్, 140. స్టాప్ 120, లిమిట్ 115. కారణం: మొదటి 15 నిమిషాల గరిష్ఠం దాటి నిలిచింది. నిద్ర 6 గంటలు. మనసు 2. అమ్మకం 119. నష్టం 1,575. ని.

11:06. 24,500 పుట్, 3 లాట్లు, 96. స్టాప్ లేదు. కారణం: . మనసు 5. అమ్మకం 61. నష్టం 7,875. త.

రెండో పద్దులో కారణం గడి ఖాళీగా ఉంది చూడండి. అది రాయడం మరిచిపోయినందువల్ల కాదు. రాయడానికి కారణం లేకపోవడం వల్ల. ఎంట్రీకి ముందే ఆ గడి నింపే అలవాటు చేసుకుంటే ఇలాంటి ట్రేడ్లు చాలావరకు పెన్ను దగ్గరే ఆగిపోతాయి. మనసు అంకె 1 నుంచి 5 వరకు: 1 అంటే ప్రశాంతం, 5 అంటే దవడ బిగిసి, ఊపిరి పైపైన ఆడుతూ, మౌస్ మీద వేలు ఆగకుండా ఉండటం. శరీరాన్ని చూసి వేయండి, ఆలోచనలను చూసి వేయకండి. ఆలోచనలు ఎప్పుడూ 'నేను బాగానే ఉన్నాను' అనే చెబుతాయి. 4, 5 వస్తే ఎంట్రీ లేదు. నిద్ర 5 గంటలలోపు ఉన్న రోజున కూడా లేదు. మే నెలలో రాత్రి కరెంటు పోయి తెల్లవార్లూ దొర్లిన మనిషికి 9:15కు చార్టు ముందు పనేమీ లేదు.

ఇంకో రెండు చిన్న పనులు. స్క్రీన్ మీద లాభనష్టాల కాలమ్ దగ్గర కాగితం ముక్క అంటించండి. ధర, స్టాప్ కనపడితే చాలు, రూపాయలు కనపడనక్కర్లేదు. టెలిగ్రామ్, వాట్సాప్ టిప్పుల గుంపులను తీసేయండి. లాభాల స్క్రీన్‌షాట్లు చూపించేవాడు నష్టాలవి చూపించడు. మీరు 3,000 పోగొట్టుకున్న పది నిమిషాలకు ఎవరో 60,000 చూపిస్తే మీ 'సున్నా' మళ్లీ పైకి జరుగుతుంది.

షాపులో గిరాకీ మధ్య ఫోన్‌లో ట్రేడ్ చేయడం మానాలి. ఇది మీ డబ్బు కోసమే కాదు, తప్పు మందు చేతికిస్తే జరిగే హాని కోసం కూడా. 9:15 నుంచి 10:30 దాకా, షాపులో కుర్రాడు ఉన్నప్పుడు మాత్రమే.

లాట్ పెంచేది ఎప్పుడంటే, నాలుగు వారాలు వరుసగా నియమపాలన (మొత్తం ట్రేడ్లలో 'ని' వాటా) 95 శాతం దాటి, 'ని' గుంపు లాభంలో ఉన్నప్పుడు. లాభం ఒక్కటే చూసి పెంచకండి. తప్పుగా చేసి గెలిచిన ట్రేడ్ అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది తప్పునే నేర్పుతుంది.

డబ్బు ఎక్కడిది?

ఈ సంగతి మీరు రాయలేదు, కానీ అడగక తప్పదు. ఆ 2 లక్షలు చీటీ పాట పాడి తెచ్చినవా? బంగారం మీద లోనా? నూటికి రెండు రూపాయల వడ్డీకా? రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. తారీఖు వస్తే కట్టాల్సిన డబ్బుతో ట్రేడ్ చేస్తే పైన రాసిన హద్దులేవీ నిలవవు. తారీఖు దగ్గరపడేకొద్దీ లాట్లు పెరుగుతాయి. డిస్ట్రిబ్యూటర్‌కు కట్టాల్సిన బిల్లు డబ్బు కూడా అందులోకే వస్తుంది. అప్పు డబ్బయితే ముందు అప్పు తీర్చండి.

నెలాఖరు లెక్క ఇంట్లో ఒక మనిషికి, మీ భార్యకో అన్నకో, కాగితం మీద చూపించండి. సలహా కోసం కాదు. చూపించాలని తెలిసినప్పుడు 11 గంటలకు చేయి కొంచెం నెమ్మదిస్తుంది. నష్టాలను ఇంట్లో దాస్తున్నా, దాచడానికి ఇంకో అప్పు చేస్తున్నా, మానాలని రెండు మూడుసార్లు గట్టిగా అనుకుని మానలేకపోయినా, సెలవు రోజున కూడా మార్కెట్ కోసం మనసు గింజుకుంటున్నా అది క్రమశిక్షణ లోపం కాదు, వ్యసనం. దానికి చిట్టాలు చాలవు, వైద్యం కావాలి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి. ఏ నష్టమూ దానికి తగినది కాదు.

రెండో ప్రశ్న: 40 శాతం కింద ఉన్న షేరు

ఓడీన్ 1998లో 10,000 ఖాతాలు చూసి చెప్పిందేమంటే, మదుపరులు లాభంలో ఉన్న షేరును నష్టంలో ఉన్నదాని కంటే ఒకటిన్నర రెట్లు తేలిగ్గా అమ్మేస్తారు. అమ్మితే నష్టం ఖాయమవుతుందని, అమ్మకపోతే కాలేదని మనసుకు అనిపిస్తుంది. ధర మాత్రం మీరు అమ్మినా అమ్మకపోయినా అంతే.

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2023లో తేజ రకం క్వింటా 20,000 దాటింది. 2025 ఫిబ్రవరికి ధరలు పడిపోయి కేంద్రం 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. పాత ధర కళ్లలో ఉన్న రైతు టిక్కీలను (మిర్చి బస్తాలను) ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. కానీ ఆ రైతుకు ఒక మేలుంది. ఏసీకి అద్దె కట్టాలి, సరుకు మీద తెచ్చిన లోనుకు వడ్డీ కట్టాలి. ఆగడానికి ఎంత ఖర్చవుతోందో ఆ బిల్లే చెబుతుంది. డీమ్యాట్‌లో ఉన్న షేరుకు అలాంటి బిల్లు రాదు. నాలుగేళ్లు అలాగే పడి ఉంటుంది.

కాబట్టి ఆ బిల్లు మీరే రాసుకోవాలి. లక్ష పెట్టిన షేరు ఇప్పుడు 60,000. ఆ 60,000 బ్యాంకులో 7 శాతానికి ఉంటే ఏడాదికి 4,200. షేరు పేరు పక్కన 'అద్దె 4,200' అని రాయండి. తర్వాత మీ కొన్న ధర మీద కాగితం కప్పి ఒక ప్రశ్న వేసుకోండి: ఈరోజు నా చేతిలో 60,000 నగదు ఉంటే ఇదే షేరు కొంటానా? కొంటానంటే ఎందుకో రెండు వాక్యాలు రాయగలగాలి. కంపెనీ అమ్మకాలు, అప్పు, లాభం గురించిన వాక్యాలు కావాలి, 'మళ్లీ పాత ధరకు వస్తుంది' అన్నది లెక్కలోకి రాదు. రాయలేకపోతే అమ్మేయండి. ఒక్కసారి అమ్మలేకపోతే ఈ నెల సగం, వచ్చే నెల సగం. యావరేజ్ చేయడం (ధర తగ్గిందని అదే షేరు ఇంకా కొనడం) మాత్రం ఆ రెండు వాక్యాలు రాయకుండా వద్దు.

మీ ట్రేడ్‌బుక్‌కు 'ని', 'త' గుర్తులు వేశాక, ఖాతా నంబరూ పేరూ కొట్టేసి, రెండు మొత్తాలూ, 'ని' ట్రేడ్ల సంఖ్యా ఇక్కడ పెట్టండి. 'ని' గుంపు లాభంలో ఉంటే స్టాప్, లాట్ అంకెలు మీ కాంట్రాక్టుకు సరిపోయేలా కలిసి సవరిద్దాం. అప్పటిదాకా కొత్త ట్రేడ్ ఏదీ వేయకుండా ఉంటే బాగుంటుంది.